ఇంటిమనిషి కూలి

మా ఇంట్లో పొయ్యి కంటే ముందు సర్వర్లు లేచిన ఎండాకాలం అది.

ఆత్మకూరులో మాది మేడమీద ఒక్క గది ఉన్న ఇల్లు. ఆ గదే మా కంపెనీ. కంపెనీ అంటే మరీ పెద్దగా ఊహించుకోవద్దు. మా ఆయన మోహన్‌కృష్ణ, ఆయన తమ్ముడు సాయికిరణ్, లెక్కలు చూసే నేను, అంతే. పల్లెల్లో పాలసెంటర్లకు సాఫ్ట్‌వేర్ ఇస్తాం. దుత్తలూరు, ఉదయగిరి, అనుమసముద్రంపేట చుట్టుపక్కల రైతు పాలు తెచ్చి పోయగానే తూకమూ వెన్న శాతమూ మా సర్వర్‌కు వస్తాయి. అది ధర కట్టి రైతు ఫోనుకు మెసేజ్ పంపుతుంది. అందుకు లీటరుకు మాకు కొన్ని పైసలు. దాని పేరు పాలలెక్క. పేరు పెట్టింది మా ఆయన, రాసింది కూడా మా ఆయనే. అది ఎక్కడ మొరాయిస్తుందో తెలిసింది మాత్రం సాయికిరణ్‌కే.

సర్వర్లంటే ఇంట్లో ఉండేవి కావు. ఒక పెద్ద క్లౌడ్ కంపెనీ దగ్గర బాడుగకు తీసుకున్నవి. కొత్తగా పెట్టిన కంపెనీ అని చెప్పి మొదట్లో వాళ్ళు మాకు బాడుగ మాఫీ చేశారు. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగుతారని ఒక మాట ఉంది. మేమూ అలాగే, ఎద్దు సరిపోయే చోట ఏనుగును కట్టేసుకున్నాం. అవసరానికి మించిన మిషన్లు, అవి రాత్రింబగళ్ళు నడవడం, ఎవరూ తెరిచి చూడని పాత కాపీలు దాచడం. ఎవడబ్బ సొమ్మని అడిగేవాళ్ళు లేరు.

ఉగాది పోయిన వారంలో మాఫీ గడువు తీరి మొదటి అసలు బిల్లు వచ్చింది. మా ఆయన దాన్ని చూసి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చూశాడు.

"ఇది నెలకా, సంవత్సరానికా?" అని నన్నడిగాడు.

"నెలకే," అన్నాను.

మా అత్తగారు రామసుబ్బమ్మ వాకిట్లో చింతపండు పిక్కలు తీస్తూ ఇదంతా విన్నది. క్లౌడ్ అంటే ఏమిటో ఆమెకు చెప్పాల్సి వచ్చింది. తెలుగులో మబ్బు అని చెప్పడం నా తప్పే.

"వాన కురవని మబ్బుకు బాడుగేంది నాయనా? మనకు కురిసేదే ఏడాదికి రెండు వానలు. ఆ రెండిటికీ ఎవురూ బిల్లెయ్యలా," అన్నది.

నవ్వుకున్నాం కానీ, అది నవ్వే సంగతి కాదు. ఎండలు ముదిరితే మా పడమటి పల్లెల్లో పచ్చిమేత ఉండదు. మేత లేకపోతే పాలు తగ్గుతాయి, పాలు తగ్గితే మా పైసలు తగ్గుతాయి. బిల్లు మాత్రం తగ్గదు. వట్టిపోయిన గేదెకైనా మేత వెయ్యాల్సిందే కదా.

"ఖర్చు దించాలిరా సాయీ. ఎట్ట దించుతావో నీ ఇష్టం," అన్నాడు మా ఆయన.

సాయికిరణ్ దించాడు. ఆ పని మీద కూర్చున్నప్పుడు అతన్ని చూడాలి. పండగ ముందు అటక దులిపే మనిషిలా, ఏ మూల ఏమున్నదో ఒక్కొక్కటీ బయటికి లాగి, "ఇది ఎవరిదన్నా? ఇది ఎందుకుండాది?" అని అడిగేవాడు. మా ఆయన ప్రతిదానికీ "ఉండనీరా, ఎప్పుడైనా పనికొస్తాది" అనేవాడు. అతను ఊఁ అని తల ఊపి, అన్న అటు తిరగగానే తీసేసేవాడు. పెద్ద మిషన్లు పోయి చిన్నవి వచ్చాయి. ఆ చిన్నవి కూడా పాలు పోసే వేళల్లోనే, అంటే తెల్లవారుజామునా సాయంత్రమూ మాత్రమే నడిచేట్టు, మిగతా పొద్దంతా ఆఫ్ అయ్యేట్టు చేశాడు.

ఆ తర్వాత ఇంకా చవక మిషన్లు పట్టుకొచ్చాడు. అవి అనుమసముద్రంపేట దర్గా గంధం ఉత్సవానికి ఎవరి అరుగు ముందో పెట్టుకునే కొట్టు లాంటివి. బాడుగ నామమాత్రం. కానీ అరుగు గలవాళ్ళు ఖాళీ చెయ్యమంటే ఉన్నపళంగా సర్దుకుని లేవాలి. క్లౌడ్ కంపెనీకి ఎక్కువ ఇచ్చేవాళ్ళు దొరికితే మా మిషన్ లాగేసుకుంటుంది. అప్పుడు ఎవరో ఒకరు వెంటనే ఇంకోటి వెతికి లేపుకోవాలి.

ఆ లేపడంలోనే ఉంది చిక్కు. మా ఆయన హడావిడిగా రాసిన సాఫ్ట్‌వేర్‌కు ఒక జబ్బు. మిషన్ ఆన్ చేస్తే అది తనంతట తాను లేవదు. ముందు ఒక భాగం లేవాలి, అది కుదురుకున్నాక రెండోది, ఆ పైన మూడోది. వరస తప్పితే ఒకరు పోసిన పాలు ఇంకొకరి పేరున పడతాయి. మనిషి కూర్చుని, చూసి చూసి లేపాలి.

"అన్నా, ఒక్క నెల నాకు వేరే పని చెప్పొద్దు. దానంతట అది లేచేట్టు తిరగరాసేస్తాను," అని సాయికిరణ్ అడిగాడు.

"ఇప్పుడు అదేందిరా? కొత్త సెంటర్లు పట్టుకోవాల. లేపేదానికి నువ్వుండావు గదా," అన్నాడు మా ఆయన.

నువ్వుండావు గదా. మా ఇంట్లో ఆ మాట ప్రేమగానే అంటారు. సాయికిరణ్ కూడా ప్రేమగానే తీసుకున్నాడు.

అలా మొదలైంది. కోడి కూయకముందే సాయికిరణ్ మేడ దిగి, హాల్లో చాప మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేవాడు. నేను వంటింటి గడప దగ్గర జడ వేసుకుంటూ చూసేదాన్ని. కాసేపటికి వెనక్కి వాలి, "లేచినాయి వదినా" అనేవాడు. అప్పుడు నేను పొయ్యి వెలిగించి కాఫీకి నీళ్ళు పెట్టేదాన్ని. ఆ మాట వినకుండా నాకు ఆ ఎండాకాలంలో ఒక్క రోజూ తెల్లవారలేదు. సాయంత్రం మళ్ళీ అదే తంతు. మధ్యాహ్నం పడుకుందామంటే మేడగది పెనం. పాలన్నీ పోసి సెంటర్లు మూశాక, రైతుల మెసేజ్‌లు అన్నీ పోయాయో లేదో చూసుకుని కానీ పడుకునేవాడు కాదు. కళ్ళు ఎర్రబడి ఉండేవి. నేను ఆ కళ్ళను చూసి కాఫీలో ఇంకాస్త డికాషన్ పోసేదాన్ని.

బిల్లు సగానికి దిగింది. మా ఆయన తమ్ముడి వీపు చరిచి, కనిపించిన వాళ్ళకల్లా చెప్పుకున్నాడు.

ఆ తెల్లవారుజాముల్లో ఇంకో సంగతి కూడా జరుగుతున్నదని నాకు ఆలస్యంగా తెలిసింది. ఉదయగిరి సెంటర్‌లో తూకం మిషన్ పాతది, రోజూ ఏదో ఒక పేచీ పెట్టేది. ఆ సెంటర్ నారాయణయ్య అనే ఆయనది. కంప్యూటర్ దగ్గర కూర్చునేది ఆయన కూతురు సుస్మిత. ఫోన్ మోగీ మోగకముందే సాయికిరణ్ ఎత్తేవాడు.

"కేబుల్ పీకి మళ్ళీ పెట్టండి... ఆఁ, నల్లది... వచ్చిందా?... సరే. తిన్నారా?"

"తెల్లారకముందే ఎవరు తింటారు సాయీ?" అన్నాను ఒకరోజు.

"సర్వర్ సంగతి వదినా."

"సర్వర్‌ను తిన్నావా అని అడుగుతావా?"

చెవుల దాకా ఎర్రబడి నవ్వాడు. ఆ నవ్వు ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

వైశాఖంలో ఒక ఆదివారం నేను, మా ఆయన, అత్తగారు పిల్లను అడగడానికి ఉదయగిరి వెళ్ళాం. కొండ కింద బజారులో పాలసెంటర్, దాని వెనకే ఇల్లు. నారాయణయ్య మమ్మల్ని మర్యాదగా కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. గ్లాసులు తెచ్చిన పిల్ల నా వంక ఒకసారి చూసి, లోపలి గుమ్మం దగ్గర నిలబడింది. పోదలచుకోలేదని తెలుస్తూనే ఉంది.

"పిల్లోడు నాకు నచ్చినాడు మోహనా. దానికీ నచ్చినాడు, నాకు తెలీదనుకుంటుండాది," అన్నాడు నారాయణయ్య. "ఒక్క మాటే అడగాల. పిల్లోడికి జీతమెంత?"

మా ఆయన నవ్వాడు. "ఇంట్లో వాడికి జీతమేంది మామా? కంపెనీ వాడిది కాదా? అంతా వాడిదే గదా."

"అంతా అంటే ఎంత?"

మా ఆయన నా వైపు చూశాడు. లెక్కలు చూసేది నేనే కాబట్టి చూశాడు. నేను మజ్జిగ గ్లాసులోకి చూశాను.

"ఈ సెంటర్ నాదే, ఆడ కూర్చునేది నా బిడ్డే," అన్నాడు నారాయణయ్య. "అయినా నెల మొదట్లో దాని కూలి దాని ఖాతాలో వేస్తాను. రేపు నాతో పోట్లాడినా దాని కాళ్ళ మీద అది నిలబడాల."

మా అత్తగారికి ఇది రుచించలేదు. "ఇంటిమనిషికి కూలి లెక్కేస్తే ఏ పంటా గిట్టదు నారాయణయ్యా. మేము పొగాకు వేసినన్నాళ్ళూ కూలోళ్ళకు రాసినాం, ట్రాక్టరుకు రాసినాం, కట్టెలకు రాసినాం. ఆకు కాల్చే బ్యారన్ కాడ రాత్రంతా మంట కాసింది నేను. నా కూలి ఎవురు రాసినారు?"

"అందుకే గదమ్మా ఆ పంటలన్నీ గిట్టినట్టు కనపడినాయి," అన్నాడు ఆయన.

కోపంగా అనలేదు. తన మజ్జిగ తాగేసి, గ్లాసు పక్కన పెట్టి, మా ఆయనతో తగ్గు గొంతుతో చెప్పాడు. "నాకు లక్షలొద్దు. ఎంతో కొంత, పిల్లోడి పేరున నెలనెలా పడేట్టు రాయి. శ్రావణంలో ముహూర్తాలుండాయి. శ్రావణమొచ్చేదాకా ఆగుతాను. ఆ పైన నన్ను తిట్టుకోవద్దు."

తిరుగు దారిలో దుత్తలూరు దాటాం. తర్వాత మా ఆయన, "మనల్ని నమ్మలా ఆయన," అన్నాడు. అత్తగారు, "పిల్లనిచ్చేవాడా, పాలేరును కుదుర్చుకునేవాడా?" అన్నది. నేను మనసులో కూడికలు వేసుకుంటున్నాను. ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో కూడా వేసి చూశాను. ఆ నెల రాబడీ ఖర్చూ బొటాబొటిగా ఉన్నాయి. సాయికిరణ్ పేరున ఎంత చిన్న జీతం రాసినా నష్టంలోకి పోతాం.

"ఒక్క వాన పడనీ," అన్నాడు మా ఆయన. "పచ్చిక మొలిస్తే పాలు పెరుగుతాయి. అప్పుడు రాద్దాం. తమ్ముడికి చెయ్యనా నేను?"

ఆ మాటలో అబద్ధం లేదు. నా లెక్కలో కూడా తప్పు లేదు. ఇప్పుడు తలుచుకుంటే నాకు బాధ వేసేది అందుకే. తప్పు దొరికి ఉంటే దిద్దుకునేవాళ్ళం. క్లౌడ్ కంపెనీకి ఎంతివ్వాలో చూశాను, కరెంటుకు ఎంతో చూశాను, మెసేజ్‌లకు ఎంతో చూశాను. పెళ్ళయినప్పటి నుంచి ఆ లెక్కలు నేనే చూస్తున్నాను, అయినా నా పేరున ఒక్క రూపాయి రాసుకోవాలని నాకే తట్టలేదు. నాకే తట్టనిది మరిదికి ఎలా తడుతుంది?

సాయికిరణ్‌కు నేనే చెప్పాను, వానలదాకా ఆగాలని.

"సర్లే వదినా. వానలు రాకుండా యాడికి పోతాయి?" అన్నాడు.

రోహిణి కార్తె ఎండల్లో ఒక మధ్యాహ్నం సుస్మిత నాకు ఫోన్ చేసింది. ఆ పిల్ల నాతో మాట్లాడటం అదే మొదలు.

"అక్కా, నాయన నన్ను రోజూ అడుగుతుండాడు. మీ మరిదిని ఒక్కసారి వాళ్ళన్నను గట్టిగా అడగమని చెప్పక్కా. నేను చెబితే నవ్వి ఊరుకుంటాడు."

"నువ్వు బాధపడొద్దమ్మా, నేను చెబుతాలే," అన్నాను.

"ఈ పొద్దు సాయంత్రం ఇంటికి రమ్మన్నాడు నాయన. ఆయనే వచ్చి మాట్లాడితే బాగుంటాదంట."

ఆ సాయంత్రం సాయికిరణ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని మెట్లు దిగాడు. తల నున్నగా దువ్వాడు. ఉదయగిరి బస్సుకు ఇంకా టైముంది. సర్వర్లు అప్పటికే లేపి పెట్టాడు. "ఏం పెళ్ళికొడకా," అన్నాను. చెప్పులు వేసుకుంటూ నవ్వాడు. అప్పుడే ఫోన్ కూసింది. క్లౌడ్ కంపెనీ మిషన్ లాగేసుకుంటున్నది. పల్లెల్లో జనం పాలబిందెలు పట్టుకుని వరసలో నిలబడే వేళ అది. మా ఆయన పాల కంపెనీ వాళ్ళతో మాట్లాడటానికి నెల్లూరు వెళ్ళి ఉన్నాడు.

సాయికిరణ్ కాసేపు ఆ ఫోన్ వంక చూశాడు. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, చాప మీద కూర్చున్నాడు. కొత్త మిషన్ దొరికిందాకా ఒక తిప్పలు, అది లేచాక వరస కుదిరిందాకా ఇంకో తిప్పలు. ఇస్త్రీ చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది. బజారులో హారన్ కొట్టుకుంటూ బస్సు వెళ్ళిపోయింది. అదే ఆ బస్సని మా ఇద్దరికీ తెలుసు.

"ఈరోజు కుదరదు," అని సుస్మితతో ఫోన్లో చెబుతున్నాడు. "అన్న ఊళ్ళో లేడు. నేను లేస్తే అన్ని సెంటర్లూ ఆగిపోతాయి. మీదీ ఆగిపోతాది... నాయనకు చెప్పు... ఆఁ, తెలుసు."

ఫోన్ పెట్టేశాక నేను పక్కన కూర్చున్నాను. "అన్నను అడుగు సాయీ. నువ్వడిగితే కాదనడు."

"నోరు రాదు వదినా. అడిగినాననుకో, అన్న ఇస్తాడు. ఇచ్చినాక ఈ ఇంట్లో నేనెవురిని? పనోడినే గదా," అన్నాడు. తర్వాత నవ్వు తెచ్చుకుని, "ఆ మామ ఇప్పుడేమంటుంటాడో తెలుసా? జీతం లేనోడికి సెలవు కూడా ఉండదంటాడు," అన్నాడు.

అతను అడగలేదు. అడిగేదాకా ఇవ్వాలని మా ఆయనకు తోచలేదు. ఆ రాత్రి అన్నం పెడుతూ నేను మళ్ళీ కదిపితే, "వాడేమన్నా అన్నాడా?" అన్నాడు మా ఆయన. లేదన్నాను. "మరి నీకెందుకు?" అన్నాడు. నిజానికి వాళ్ళిద్దరూ ఒకరంటే ఒకరు ప్రాణం పెట్టే అన్నదమ్ములు. ప్రాణం పెట్టుకునే చోట జీతం మాట ఎత్తడం మా వైపు తిట్టు కంటే ఎక్కువ.

మృగశిర వచ్చింది, చినుకు రాలేదు. ఆరుద్ర వచ్చింది, మబ్బులు పట్టి కొండల అవతలికి పోయాయి. మేత కొనలేక కొందరు గేదెల్ని అమ్ముకున్నారు. పాలు ఇంకా పడిపోయాయి. నేను కంప్యూటర్‌లో జీతాల కాలమ్ తెరవడం, చూడటం, మూసెయ్యడం. ఆషాఢం అలా గడిచిపోయింది.

శ్రావణం మొదట్లో ఒక తెల్లవారుజాము. సాయికిరణ్ చాప మీద ఉన్నాడు, నేను గడప దగ్గర ఉన్నాను. ఫోన్ మోగింది. ఎప్పటిలాగే మోగీ మోగకముందే ఎత్తాడు. ఎత్తి, హలో అన్నవాడు లేచి నిలబడ్డాడు.

"ఆఁ... చెప్పండి మామా... కేబుల్ పీకి మళ్ళీ పెట్టండి... కాదు, తెల్లది కాదు, నల్లది... ఆఁ... వచ్చిందా?... ఎప్పుడు మామా?... ఆఁ... సరే మామా."

ఫోన్ పెట్టేసి కూర్చున్నాడు. తెర వైపు చూస్తూ ఒకదాని తర్వాత ఒకటి లేపాడు. వరస తప్పలేదు.

"లేచినాయి వదినా," అన్నాడు.

నేను పొయ్యి వెలిగించాను. నీళ్ళు కాగుతుండగా, "సుస్మిత ఊళ్ళో లేదా?" అని అడిగాను.

"ఉండాది. కావలి నుంచి ఎవరో చూసుకునేదానికి వచ్చిపోయినారంట. ఖాయమైందంట. ఇంక సెంటర్‌లో కూర్చోదంట."

కాఫీ గ్లాసు చేతికిచ్చాను. తాగాడు. చక్కెర వెయ్యడం మరిచిపోయానని నేను తాగినప్పుడు కానీ తెలియలేదు. అప్పటికి అతను గ్లాసు ఖాళీ చేసేశాడు.

మా ఆయన లేవగానే చెప్పాను. ఆయన గమ్మున ఉండే మనిషి కాదు, వెంటనే ఉదయగిరికి ఫోన్ చేశాడు. ఇప్పుడే జీతం రాస్తానన్నాడు, ఎంతైనా రాస్తానన్నాడు, నెల్లూరులో కాపురం పెట్టిస్తానని కూడా అన్నాడు. స్పీకర్‌లో నారాయణయ్య గొంతు నిదానంగా వినిపించింది.

"మాటిచ్చేసినాను మోహనా. పిల్ల రెండ్రోజులు అన్నం తినలా. అయినా సరేననింది. ఎందుకనిందో తెలుసునా? ఆయన నాకోసం వాళ్ళన్నను ఒక్క మాట అడగలేడు నాయనా, రేపు నాకేం కావాలన్నా ఎవర్ని అడుగుతాడు, అనింది."

సాయికిరణ్ అప్పుడు మెట్ల మీద ఉన్నాడు. విన్నాడో లేదో నాకు తెలియదు. వినలేదనే అనుకోవాలని ఉంటుంది.

ఆ వారం వాన పడింది. కొండ కింద నుంచి ఆత్మకూరు దాకా ఒకటే వాన. మా అత్తగారు వాకిట్లో నిలబడి తడుస్తూ, "ఇదేదో పది రోజుల ముందు ఏడవగూడదా?" అని ఆకాశాన్ని తిట్టింది. నాకు ఏడుపొచ్చింది.

సాయికిరణ్ ఏడవలేదు, పోట్లాడలేదు, అలగలేదు. అన్నను అడగకుండానే సాఫ్ట్‌వేర్ తిరగరాయడం మొదలుపెట్టాడు. ఎండాకాలమంతా అడిగినా దొరకని తీరికను తనే తీసుకున్నాడు. కొత్త సెంటర్ల పనికి మా ఆయన పిలిస్తే, "కుదరదన్నా," అని ఒక్క మాట అనేవాడు. కుదరదు అన్న మాట అతని నోట మేము వినడం అదే మొదలు. మా ఆయన మళ్ళీ పిలిచేవాడు కాదు.

వినాయక చవితికి ముందు ఒక తెల్లవారుజామున నేను లేచి వచ్చేసరికి అతను చాప మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"చూడు వదినా. నేను ముట్టుకోలా."

తెర మీద ఒకటి పచ్చబడింది. అది కుదురుకున్నాక రెండోది, ఆ పైన మూడోది. ఎవరూ లేపకుండా అవే లేచాయి. ఆ మాటే చెప్పి మా ఆయన్ను నిద్ర లేపుకొచ్చాను. ఆయన సంబరానికి అంతులేదు. మిషన్ లాగేసుకుంటే ఎట్లా అని అడిగాడు. అదే ఇంకోటి వెతుక్కుంటుందన్నాడు సాయికిరణ్. బిల్లు పెరుగుతుందా అని అడిగాడు. ఇంకా తగ్గుతుందన్నాడు.

"ఇంక నువ్వు హాయిగా పడుకోవచ్చురా!" అన్నాడు మా ఆయన.

"అవునన్నా," అన్నాడు సాయికిరణ్.

పచ్చిక పెరిగింది, పాలు పెరిగాయి. ఎండాకాలం ఖర్చు దించడం వల్ల ఆ నెల మా లెక్క ఎప్పుడూ లేనంత బాగుంది. ఆ రాత్రి అందరం భోజనానికి కూర్చున్నప్పుడు మా ఆయన గొంతు సవరించుకున్నాడు. ఎన్నాళ్ళుగానో ఆ మాట కోసం ఎదురుచూసిన మనిషిలా ఉన్నాడు.

"ఈ నెల నుంచి సాయి పేరున జీతం రాయి రేణుకా. ఎంత రాద్దాంరా సాయీ? నువ్వే చెప్పు."

సాయికిరణ్ చారన్నం కలుపుతున్నాడు. "ఎవరికన్నా?" అన్నాడు.

"నీకేరా."

"నా పని అది చేస్తుండాది గదన్నా. పని లేనోడికి జీతమేంది?"

దెప్పినట్టు అనలేదు. లెక్క చెప్పినట్టు అన్నాడు. ముద్ద నోట్లో పెట్టుకుని, చెన్నైలో ఉద్యోగం వచ్చిందని, చవితి వెళ్ళాక చేరాలని చెప్పాడు. అక్కడ ఒకటో తారీఖున జీతం పడుతుందట. మా అత్తగారు గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. మా ఆయన చాలాసేపు తింటున్నట్టే కంచం కెలికాడు. ఒరే, పోవద్దురా అనడానికి ఆయనకు నోరు రాలేదు. ఈ ఇంట్లో మగవాళ్ళకు అడగడం రాదు.

అతను వెళ్ళిన మర్నాడు అలవాటు కొద్దీ తెల్లవారుజామునే మెలకువ వచ్చింది. హాల్లో చాప చుట్టి గోడకు ఆనించి ఉంది. వంటింట్లో అలమరలో నా ఫోన్ కూసింది. చూశాను.

"లేచినాయి వదినా."

నా ప్రాణం లేచి వచ్చింది. చెన్నైలో దిగి మమ్మల్ని తలుచుకున్నాడనుకున్నాను. పొయ్యి వెలిగించకుండానే టైపు చేశాను, కాఫీ తాగినావా సాయీ అని. చాలాసేపు చూశాను. జవాబు రాలేదు.

"అది వాడు పంపింది కాదు," అన్నాడు మా ఆయన లేచి వచ్చి ఫోన్ చూసి. "మిషన్ పంపేది. లేచినాక మెసేజ్ పంపేట్టు వాడు రాసి పెట్టిపోయినాడు." కాస్త ఆగి, "నాకు గాదు, నీకు పెట్టినాడు," అన్నాడు.

ఇప్పటికీ ఆ మెసేజ్ రోజూ వస్తుంది. సాయికిరణ్ అప్పుడప్పుడు వస్తాడు, బాగానే మాట్లాడతాడు, రెండు రోజులుండి సెలవు అయిపోయిందని వెళ్ళిపోతాడు. సెలవు ఉన్న మనిషి ఇప్పుడు. పోయిన నెల ఖర్చులు చూస్తూ మా ఆయన ఆ మెసేజ్ దగ్గర ఆగాడు. ఒక్కో మెసేజ్‌కు పైసలు పడతాయి కదా. సర్వర్ ఆగినప్పుడు చెబితే చాలు, బాగున్నాయని రోజూ చెప్పడమెందుకు, తీసేద్దామా అని అడిగాడు.

"ఆ ఖర్చు ఉండనీండి," అన్నాను.

ఆయన తర్వాతి ఖర్చుకు వెళ్ళాడు. నేను ఆ ఖర్చును మిగతా మెసేజ్‌లలో కలపకుండా వేరే వరసలో, సాయికిరణ్ పేరున రాశాను. నెలకు కొన్ని రూపాయలు. మా కంపెనీ లెక్కల్లో అతని పేరున ఉన్నది అదొక్కటే.